కొండరాతి మీద పేర్ల పెట్టె



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ సభలో మాట్లాడే అర్హత నాకుందా అన్న సందేహం ఇప్పటికీ తీరలేదు. ఇంతకుముందు ఈ వేదిక మీద నిలబడినవారు శాసనాలు చదివినవారు, తవ్వకాలు జరిపినవారు. నేను ఆయన క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న విద్యార్థిని. ఆ తర్వాత ఆయనలాగే చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అందుకని ఆయన క్లాసు నుంచే మొదలుపెడతాను.

మాస్టారు హాజరు పిలిచేటప్పుడు నంబర్లు పిలిచేవారు కాదు. మిగతా అయ్యవార్లు ఒకటి, రెండు, మూడు అంటూ అర నిమిషంలో ముగించేవారు. ఈయన మాత్రం ఇంటిపేరుతో సహా ప్రతి ఒక్కరినీ నిండా పిలిచేవారు. అరవై మంది పిల్లలు. పీరియడులో ఐదారు నిమిషాలు దానికే పోయేవి. ఎవరైనా రాకపోతే ఆ పేరు మరోసారి పిలిచి, ఆగి, ఎందుకు రాలేదో ఎవరికైనా తెలుసా అని అడిగేవారు. కోతల రోజుల్లో, జ్వరాల రోజుల్లో ఆ ప్రశ్న క్లాసులో చాలాసార్లు వినిపించేది. ఆ విరామం ఎందుకో, ఆ రెండో పిలుపు ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఇక్కడికి వేల మైళ్ల దూరాన ఎడింబరో కోట మీద, ఒక పుస్తకం ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

ఇవాళ నేను చెప్పదలచింది ఒక్కటే విషయం. రాజ్యం మనిషిని యుద్ధానికి పేరు రాసుకునే తీసుకెళ్తుంది. అతను తిరిగి రానప్పుడు కనీసం ఆ పేరునైనా అతని ఊరికి అప్పజెప్పాలి. అది దయ కాదు, బాకీ. గడిచిన శతాబ్దంలో కట్టిన యుద్ధ స్మారకాల చరిత్రను నేను ఆ బాకీ లెక్కగానే చదువుతాను. కొందరికి తీరింది. కొందరికి నూరేళ్లు దాటినా తీరలేదు.

కొన్నేళ్ల కిందట, మార్చి నెలలో, మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఉంటున్న ఎడింబరోకు వెళ్లాను. సన్నటి వాన, ఎముకలు కొరికే గాలి. కోట ఎక్కే దారిలో ముందు విశాలమైన మైదానం వస్తుంది. దాని అంచున ఒక రాతి శిలువ ఉంది. ఆగి చదివాను. 1857, 58 సంవత్సరాల్లో మన దేశంలో జరిగిన తిరుగుబాటును అణచడానికి వెళ్లి చనిపోయిన 78వ హైలాండర్ల దళానిది అది. మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామమని పిల్లలకు చెప్పే పాఠం అక్కడ మరో పేరుతో చెక్కి ఉంది. మనసు బిగుసుకుంది. ఈ కోటలో దుఃఖమంటూ ఉంటే అది వీళ్లదే గాని నాది కాదు అనుకుంటూ పైకి నడిచాను. ఈ మాట దాచకుండా చెబుతున్నాను. ఎందుకంటే ఆ తర్వాత ఆ గదిలో నాకు కలిగిన దుఃఖం నేను వెతుక్కుంటూ వెళ్లింది కాదు.

కోటలో అన్నిటికన్నా ఎత్తున క్రౌన్ స్క్వేర్ అనే చిన్న చౌకం ఉంది. నాలుగు వైపులా కట్టడాలు. ఉత్తరం వైపున్నది స్కాట్లాండ్ జాతీయ యుద్ధ స్మారకం. గుమ్మానికి రెండు వైపులా ఒక సింహం, ఒక ఒంటికొమ్ము గుర్రం రాతిలో కాపలా ఉంటాయి. ఒకప్పుడు అక్కడ సెయింట్ మేరీ చర్చి ఉండేది. తర్వాత దాన్ని ఆయుధాగారంగా వాడుకున్నారు. 1755లో దాన్ని పడగొట్టి సైనికుల బారకాసు కట్టారు. వాస్తుశిల్పి సర్ రాబర్ట్ లోరిమర్ మొదట ఆలోచించింది ఎత్తైన కొత్త కట్టడం. తరతరాలుగా చూస్తున్న కోట రూపురేఖలు దానివల్ల మారిపోతాయని పెద్ద వివాదం నడిచింది. మాజీ ప్రధాని లార్డ్ రోజ్‌బెరీ వంటివారు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి లోరిమర్ తగ్గి, పాత బారకాసునే మార్చి, దాని వెనక కొండ అంచున ఒక గర్భగుడి లాంటి గదిని చేర్చాడు. ఆ రాజీ వల్ల మంచే జరిగిందని నాకనిపిస్తుంది. సిపాయిలు పడుకుని లేచిన ఇల్లే సిపాయిల పేర్లకు ఇల్లయింది.

లోపల అడుగుపెడితే పొడవాటి మందిరం. ఫొటోలు తీయకూడదు. ఆ నియమం ఎంత మంచిదో లోపల కొంతసేపు ఉంటే తెలుస్తుంది. చేతిలో ఏమీ లేనప్పుడు కళ్లకు పని పడుతుంది. రంగు అద్దాల కిటికీలు డగ్లస్ స్ట్రాకన్ చేసినవి. వాటి గుండా వచ్చే వెలుతురు నేల మీద నీలంగా, తేనెరంగుగా పడుతోంది. గోడల వెంట ఒక్కో స్కాటిష్ రెజిమెంటుకు ఒక్కో అర. ప్రతి అరలోనూ గట్టు మీద ఎర్రతోలు అట్టల పుస్తకాలు పరిచి ఉన్నాయి. తాళం లేదు, అద్దం లేదు. ఎవరైనా తెరవొచ్చు, పేజీ తిప్పొచ్చు.

నేను బ్లాక్ వాచ్ అనే రెజిమెంటు అరలో ఒక పుస్తకం తెరిచాను. ఎందుకు దాన్నే తెరిచానో చెప్పలేను, దగ్గరగా ఉందంతే. పేజీ నిండా వరుసలు. ఇంటిపేరు, పేరు, పుట్టిన ఊరు, నంబరు, హోదా, ఎలా చనిపోయాడో తెలిపే రెండు మూడు పొడి అక్షరాలు, ఎక్కడ, ఏ తేదీన. అంతే. వీరుడని లేదు, అమరుడని లేదు, దేశమాత అని లేదు. పట్టాలో, అడంగల్లో రాసినంత పొడిగా రాశారు. వేలితో ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి దిగాను. డండీ, డండీ, మరో ఊరు, మళ్లీ డండీ. అప్పుడు తేదీల వరుస కేసి చూశాను. 1915 సెప్టెంబరు 25. దాని కింద మళ్లీ 1915 సెప్టెంబరు 25. పేజీ తిప్పాను. మళ్లీ అదే ఊరు, అదే తేదీ.

ఒక ఊరికి ఒక్క పూటలో ఏమైందో ఆ తేదీల వరుస చెప్పింది. నేను ముప్పై ఏళ్లు మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చెప్పాను. కారణాలు ఐదు, ఫలితాలు ఏడు, మృతుల సంఖ్య కోట్లలో. పిల్లలు రాసుకునేవారు, మార్కులు పడేవి. ఆ పాఠం నాకు తెలియనే తెలియదని ఆ పుస్తకం ముందు నిలబడ్డాక అర్థమైంది. కాళ్లు నిలవక పక్కనున్న గోడకు ఆనుకున్నాను. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు దగ్గరకొచ్చి, నాకు ఎవరి పేరైనా వెతకడంలో సాయం కావాలా అని మెల్లగా అడిగారు. లేదండీ, నాకు ఇక్కడ ఎవరూ లేరు అన్నాను. అని ఊరుకున్నాను గాని, ఆ జవాబు పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

మందిరం నుంచి ఇనుప తలుపులు దాటితే గర్భాలయం. దాన్ని మరో మాటతో పిలవడం నాకు చేతకాదు. గోడల చుట్టూ కంచుతో పోసిన మనుషుల వరుస. ఆలిస్, మోరిస్ మెరెడిత్ విలియమ్స్ అనే దంపతులు చేసిన పని అది. మోరిస్ స్వయంగా ఫ్రాన్సు కందకాల్లో పనిచేసి అక్కడి మనుషుల బొమ్మలు గీసుకున్నవాడు. అందుకే ఈ వరుసలో జెండా ఊపే వీరులు ఎవరూ కనబడరు. మూటలు మోసేవాళ్లు, వానకోట్లలో కూరుకుపోయినవాళ్లు, నర్సులు, ఇంజనీర్లు, గుర్రాలవాళ్లు తమ తమ పనిముట్లతో ముందుకు నడుస్తూ ఉంటారు. పైనుంచి కొయ్యలో చెక్కిన మైకేల్ దేవదూత వేలాడుతుంటాడు. వీటన్నిటి మధ్య నేల చీల్చుకుని నల్లటి బండరాయి పైకి లేచి ఉంటుంది. ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టింది కాదు. కోట కట్టిన కొండే అది. దాదాపు 35 కోట్ల ఏళ్ల కిందట చల్లబడిన అగ్నిపర్వతపు రాయి. దాన్ని చదును చెయ్యలేదు, నునుపు చెయ్యలేదు. ఆ రాయి మీద ఒక పాలరాతి పీఠం. పీఠం మీద ఉక్కు పెట్టె. అందులో ఆ పేర్లన్నీ ఉన్నాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బయట మందిరంలో పేర్ల పుస్తకాలు తెరిచి ఉంటాయి. అవే పేర్లు లోపల పెట్టెలో మూసి ఉంటాయి. తెరిచిన పుస్తకం తమవాళ్లను వెతుక్కునే వారి కోసం. దాని పేజీలు వేళ్ల తడికి నలుగుతాయి. మూసిన పెట్టె ఎవరూ చదవడం కోసం కాదు. ఎవరూ వెతుక్కుంటూ రాని రోజున కూడా పేరు చెరగకుండా ఉండడం కోసం. అప్పటి రాజు, రాణి ఆ పెట్టెను కానుకగా ఇచ్చారు. కానీ దానికి కూర్చునే చోటు ఇచ్చింది కొండ. ఈ రెండింటినీ కలిపి ఆలోచించినవారి బుద్ధికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇంత ఆలోచన ఒక్కసారిగా పుట్టింది కాదు. ఎడింబరోలోనే, ఈ కోట మీది నుంచి చూస్తే కనబడే కాల్టన్ కొండ మీద పన్నెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. నెపోలియన్ యుద్ధాల్లో చనిపోయిన స్కాటిష్ సైనికులకు, నావికులకు ఏథెన్స్‌లోని పార్థెనాన్ నమూనాలో జాతీయ స్మారకం కట్టాలని 1826లో పని మొదలుపెట్టారు. 1829కల్లా డబ్బు అయిపోయింది. పని ఆగింది, ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని డబ్బు కొరతగానే చాలామంది చెబుతారు. నాకు మరొకటి కూడా తోస్తుంది. ఆ స్తంభాల మీద ఎవరి పేరూ రావలసిన పని లేదు. ఎవరి తల్లీ అక్కడికి వచ్చి వెతుక్కోదు. ఆ రోజుల్లో పేరు సేనానికే, విగ్రహం సేనానికే. మామూలు సిపాయిని గుంటలో పూడ్చి లెక్క రాసుకునేవారు. తన పేరు లేని కట్టడం ఎంత గొప్పదైనా జనం దాన్ని తమ ఇల్లనుకోరు.

స్కాట్లాండుకు యుద్ధశోకం కొత్తది కాదు. 1513లో ఫ్లోడెన్ యుద్ధంలో రాజు నాలుగో జేమ్స్‌తో సహా వేలమంది ఒక్క రోజులో పడిపోయారు. ఆ దుఃఖానికి గుర్తుగా వాళ్లకు ఒక బ్యాగ్‌పైపు రాగం ఉంది. నేటికీ దాన్ని అంత్యక్రియలప్పుడు, సంస్మరణ సభల్లో తప్ప మామూలుగా బయట వాయించరు. కానీ 1914 నాటి యుద్ధం వేరు. దానికి వెళ్లింది రాజుల సైన్యం కాదు, ఊళ్లు. గుమాస్తాలు, నేతగాళ్లు, గొర్రెల కాపరులు, బడిపంతుళ్లు. 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చాక ఇక ఏ గడపా మిగల్లేదు. పైగా చనిపోయినవారి శరీరాలను ఇంటికి తేకూడదని 1915లోనే నిర్ణయమైంది. గొప్పింటి బిడ్డకో తీరు, పేదింటి బిడ్డకో తీరు ఉండకూడదన్నది అందులోని ఒక కారణం. కారణం న్యాయమైనదే. కానీ కడసారి చూపు లేదు, సమాధి మీద పెట్టడానికి చేతిలో పువ్వు ఉన్నా సమాధి సముద్రం అవతల. దినవారాలు ఎలా చేసుకోవాలో తెలియని ఇళ్లు లక్షకు పైగా ఉన్న చిన్న దేశాన్ని ఊహించండి.

1917లో యుద్ధం ఇంకా సాగుతుండగానే లండన్‌లో ఒక జాతీయ యుద్ధ ప్రదర్శనశాల కట్టే ఆలోచన బయలుదేరింది. స్కాట్లాండుకు స్మారకం కావలసి వస్తే తన గడ్డ మీద, తన డబ్బుతో, తన చేతులతో తానే కట్టుకుంటుందని ఎనిమిదో డ్యూక్ ఆఫ్ అథోల్ గట్టిగా చెప్పాడు. పదేళ్ల పట్టుదల తర్వాత 1927 జూలై 14న వేల్స్ యువరాజు దాన్ని ప్రారంభించాడు. మొదటి యుద్ధపు పేర్లే లక్షకు మించాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరో 50 వేలకు పైగా పేర్లు చేర్చవలసి వచ్చింది. ఆ తర్వాతి యుద్ధాల పేర్లు కూడా చేరుతూనే ఉన్నాయి.

స్త్రీలకూ ఆ గోడల మీద చోటుంది. ఆ విషయం చెప్పేటప్పుడు ఎల్సీ ఇంగ్లిస్ గుర్తుకు రాకుండా ఉండదు. మన నైనీతాల్‌లో 1864లో పుట్టిన వైద్యురాలు. ఆడవాళ్ల ఆసుపత్రులు తమకు అక్కర్లేదని సైనిక శాఖ అన్నా ఆగక, స్కాటిష్ మహిళా ఆసుపత్రులను నడిపి సెర్బియా దాకా వెళ్లింది. 1917 నవంబరులో తిరిగి వచ్చిన మర్నాడే చనిపోయింది. బరువులు మోసిన మూగజీవులను కూడా మరవలేదు. గుర్రం, కంచరగాడిద, ఒంటె, ఏనుగు, కుక్క రాతిలో కనబడతాయి. సొరంగాలు తవ్వేవారి వెంట విషవాయువును కనిపెట్టడానికి వెళ్లిన చిట్టి పిట్టలను, ఎలుకలను కూడా చెక్కారు. ఆ ఎలుకల దగ్గర ఒక చిన్నపిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేనూ నిలబడ్డాను.

ఆ దేశానికీ మన నేలకూ ఉన్న సంబంధం మాస్టారు తరచూ చెప్పేవారు. కర్నూలు జిల్లా పత్తికొండలో 1827 జూలై 6న కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రో గ్లాస్గోవాడు. ఈ స్మారకం తలుపులు తెరుచుకున్నది సరిగ్గా నూరేళ్ల ఎనిమిది రోజులకు. మన రాయలసీమ తల్లులు ఆయన పేరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. ఇక మన ఊళ్ల కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవేలో పుట్టాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారి సాయంతో ఆయన పోగుచేయించిన కాగితాలు లేకపోతే మన ఊళ్లలో సగానికి గతం లేదు. అదే స్టోర్నోవేకు 1919 జనవరి 1న ఏమైందో మాస్టారు ఒకసారి క్లాసులో చెప్పారు. యుద్ధం ముగిసి ఏడు వారాలైంది. సెలవు మీద ఇంటికి వస్తున్న నావికులతో అయోలేర్ అనే ఓడ తెల్లవారకముందే రేవు బయట రాళ్లకు కొట్టుకుంది. ఒడ్డు కూతవేటు దూరం. కొత్త సంవత్సరపు పొద్దున తలుపులు తీసి ఎదురు చూస్తున్న ఇళ్లకు 201 మంది చావు కబురు వెళ్లింది. ఆ దీవివాళ్లు దశాబ్దాల పాటు ఆ రాత్రి గురించి మాట్లాడుకోలేకపోయారట. మన ఊళ్ల కథలు రాయించినవాడి సొంత ఊరు తన కథ చెప్పుకోలేక మూగపోయిందని చెబుతూ మాస్టారు ఆగిపోయారు. ఆ పీరియడులో ఆయన ఇంకేమీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ తేదీకి తిరిగి వస్తాను. 1915 సెప్టెంబరు 25, లూస్ యుద్ధం మొదలైన రోజు. డండీ నగరపు కుర్రాళ్ల పటాలం బ్లాక్ వాచ్‌లో నాలుగోది. డండీ అంటే జనపనార మిల్లులు. బెంగాలు జనపనారతో ఆ ఊరు అన్నం తినేది. ఆ పటాలం ఆ రోజు ఏ సైన్యంతో కలిసి పోరాడిందో అమ్మాయి ఇంటికి తిరిగి వచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. భారతీయ సైన్యంతో. మీరట్ డివిజన్, బరేలీ బ్రిగేడ్. వాళ్ల పక్క కందకాల్లో ఉన్నది పంజాబీ పటాలాలు. ఒకే ఈల విని, ఒకే పొగలోకి, ఒకే బురదలోకి ఇద్దరూ లేచారు. నాకు ఇక్కడ ఎవరూ లేరని ఆ పెద్దాయనకు చెప్పిన జవాబు తప్పు. ఆ తేదీ మనది కూడా.

డండీలో నేటికీ ఏటా సెప్టెంబరు 25న ఊరి కొండ మీది స్మారకంలో దీపం వెలిగిస్తారు. డండీ కుర్రాళ్ల పేర్లు పెట్టెలోకి వెళ్లాయి. వాళ్ల పక్కన పడినవాళ్ల పేర్లు ఏమయ్యాయి? ఫ్రాన్సులో చనిపోయి, సమాధి దొరకని మనవాళ్ల పేర్లు నవ్ షాపెల్ అనే చోట చెక్కారు. హెర్బర్ట్ బేకర్ రూపొందించిన ఆ గుండ్రటి ప్రాకారం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. దాన్ని 1927 అక్టోబరు 7న ప్రారంభించారు. ఎడింబరో స్మారకం తెరిచిన మూడు నెలలలోపే. అంతవరకు లెక్క సరిపోయినట్టే ఉంటుంది.

కానీ 1915 చివర్లో ఆ భారతీయ డివిజన్లను ఫ్రాన్సు నుంచి తీసి మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు పంపారు. బ్లాక్ వాచ్ రెండో పటాలం కూడా వాళ్లతోనే వెళ్లింది. 1916 జనవరి నుంచి టైగ్రిస్ ఒడ్డున, ముట్టడిలో చిక్కుకున్న కుట్ పట్టణాన్ని విడిపించే ప్రయత్నంలో మళ్లీ పక్కపక్కనే పడిపోయారు. ఆ రంగంలో సమాధి లేనివారి కోసం 1929లో బస్రాలో స్మారకం కట్టారు. 40 వేలకు పైగా మృతులకు అది గుర్తు. ఆ గోడ మీద బ్రిటిష్ సిపాయి పేరు ఉంది. భారతీయ అధికారి పేరు ఉంది. భారతీయ సిపాయికి పేరు లేదు. పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె మాత్రం వేశారు.

ఒకే మనిషి. ఫ్రాన్సులో చనిపోతే పేరు. బస్రాలో చనిపోతే అంకె.

మృతులందరికీ, హోదాతో గాని జాతితో గాని నిమిత్తం లేకుండా, ఒకే గౌరవమని ఆ స్మారకాలు కట్టిన సంస్థ మొదట్లోనే ప్రకటించుకుంది. ఆ సంస్థే, నేటి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్, 2021లో తన గతాన్ని తాను విచారించి ఒక నివేదిక వెలువరించింది. భారతీయులు, ఆఫ్రికా, ఈజిప్టువాసులు కలిపి 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించామని అందులో ఒప్పుకుంది. అంతేకాదు, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మందికి, పేరుతో స్మరణ జరగలేదని, కొందరికి అసలే జరగలేదని చెప్పింది. తప్పును ఒప్పుకున్న ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. అయితే ఆ అంకెల మధ్య దూరం చూడండి. లక్షా పదహారు వేలా, మూడున్నర లక్షలా? తేడా రెండు లక్షలకు పైన. ఎంతమందిని మరిచిపోయామో కూడా తెలియనంతగా మరిచిపోవడం అంటే ఇదే. పేరు రాసుకోకపోతే అంకె కూడా నిలబడదు.

ఈ తప్పు దొరలదే అనుకుని మనం ఇంటికి వెళ్లిపోగలమా? మద్రాసు సాపర్లు మెసొపొటేమియాలో వంతెనలు కట్టారు. వాళ్లలో మనవాళ్లున్నారు. హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనా వరకు వెళ్లారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి వాళ్లది. ఆ కూడలి పేరు తెలిసినంతగా ఆ విగ్రహం ఎవరిదో మనకు తెలియదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ బిడ్డల్ని పంపి మిలిటరీ మాధవరమైంది. ఆ ఊరు తనవాళ్లను గుర్తు పెట్టుకుంది. మిగిలిన ఊళ్లు?

మనకు ఈ విద్య తెలియక కాదు. ఊరి పొలిమేరల్లో వీరగల్లులు వేసిన జాతి మనది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే పల్నాటి వీరారాధనలో వీరుల ఆయుధాలకు స్నానం చేయించి, వీరవిద్యావంతులు ఒక్కొక్కరి కథా పాడతారు. బ్రహ్మనాయుడి కథతోపాటు మాల కన్నమదాసు కథా పాడతారు. పాడినంత కాలం పేరు బతికే ఉంటుంది. స్కాట్లాండువాళ్లు పుస్తకంలో చేసింది మనవాళ్లు గొంతుతో ఏడెనిమిది వందల ఏళ్లుగా చేస్తున్నారు. మరి 1916లో బస్రాకు ఓడెక్కిన మన మనిషిని ఎవరూ పాడలేదు. అతను ఎవరి యుద్ధానికో వెళ్లాడు. అతను విడిచి వెళ్లిన దేశానికి వేరే వీరులు కావలసి వచ్చారు. అటు సామ్రాజ్యం పేరు రాయలేదు, ఇటు స్వాతంత్ర్యం పేరు అడగలేదు. కూలి కోసమో, కరువుకో, ఊళ్లో పడరాని మాట పడలేకో దండులో చేరినవాడు రెండు చరిత్రల మధ్య జారిపోయాడు. అతని చేతిలోని తుపాకి ఎవరిదన్న ప్రశ్న వదిలేయమని నేననడం లేదు. కోట మైదానంలోని ఆ శిలువ ముందు నా మనసు ఎందుకు బిగుసుకుందో నాకు గుర్తుంది. కానీ తల్లి తన బిడ్డను వెతుక్కునేటప్పుడు ముందుగా ఆ ప్రశ్న వెయ్యదు.

మాస్టారు పోయాక నెల తిరక్కుండా వారి అబ్బాయి నాకొక నోటుబుక్కు పంపారు. నూరు పేజీల మామూలు నోటుబుక్కు. అట్ట మీద ఏమీ రాసి లేదు. లోపల స్కేలుతో గీసిన నిలువు గీతలు. ఇంటిపేరు, పేరు, ఊరు, ఎప్పుడు వెళ్లాడు, ఎక్కడ చనిపోయాడు, ఎవరు చెప్పారు. ఆయన వేసవి సెలవుల్లో సైకిలు మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, మొదటి యుద్ధానికి వెళ్లి తిరిగి రానివారి గురించి ఇంటింటా అడిగి రాసుకున్న పట్టీ అది. మాకెవరికీ ఆ సంగతి చెప్పలేదు. కొన్ని వరుసల్లో ఇంటిపేరు ఉంది, పేరు ఖాళీ. కొన్నింట్లో పేరు మాత్రమే ఉంది. ఎక్కడ చనిపోయాడు అన్న గడిలో చాలా చోట్ల ఒకే మాట, బస్రా. దాని పక్కన, ఎవరు చెప్పారు అన్న గడిలో, ముసలి చెల్లెలు, కోడలు, పక్కింటివారు. ఎడింబరో పుస్తకంలో ఉన్న గడులే దాదాపుగా ఇందులోనూ ఉన్నాయి. ఆయన ఆ దేశం వెళ్లలేదు, ఆ పుస్తకం చూడలేదు.

ఖాళీ గడుల్లో ఆయన ప్రశ్నార్థకం పెట్టలేదు, అడ్డగీత కొట్టలేదు. పెన్సిలుతో సన్నటి చుక్క మాత్రం పెట్టి వదిలారు, మళ్లీ వచ్చి అడగడానికి.

ఆ నోటుబుక్కు నా చేతిలో ఉంది. అధ్యక్షుల అనుమతితో, సభ ముగిసే ముందు దాన్ని చదువుతాను. ఈ జిల్లా ఊళ్లవాళ్లు చాలామంది ఇక్కడున్నారు. ఇంటిపేరు గాని, ఊరు గాని తెలిసినది వినబడితే దయచేసి నన్ను ఆపండి. ఖాళీ ఉన్నచోట ఆగుతాను, రెండోసారి చదువుతాను. తొందరేమీ లేదు.